ఎర్ర మౌంటింగులు

మూడో గేరు వెయ్యబోతే కారు ఒకటికి రెండుసార్లు మొండికేసింది. బానెట్ ఎత్తి, భర్త మణిదీప్‌ని యాక్సిలరేటర్ తొక్కమంటే ఇంజిన్ ఉన్నచోటే అటూ ఇటూ ఊగిపోతోంది. సాయిప్రసన్న మెకానికల్ ఇంజినీరింగ్ చదివింది. ఇంజిన్‌ని కారు బాడీకి పట్టి ఉంచే మౌంటింగుల్లో రబ్బరు చిరిగిపోయిందని ఆమెకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఆ పాత స్విఫ్ట్ పెళ్లికి ముందు కాకినాడలో ఉద్యోగం చేస్తూ కొనుక్కున్నది. మణిదీప్‌ని పెళ్లాడి రామచంద్రపురం వచ్చాక అతని కొట్టు పనులు చూసుకుంటూనే ఆ కారుని రెండింటికి వాడేది. సోమవారాలు అత్తగారు రాజరాజేశ్వరిని సామర్లకోట భీమేశ్వరుడి గుడికి తీసుకెళ్లడం ఒకటి. ఆటోక్రాస్ పోటీలు రెండోది. మట్టి మైదానంలో ప్లాస్టిక్ కోన్లు నిలబెట్టి, వాటి మధ్య మెలికలు తిరుగుతూ ఒక్కో కారే వెళ్లాలి. తక్కువ టైములో వచ్చినవాళ్లు గెలిచినట్టు. విశాఖ దగ్గర జరగబోయే పోటీకి ఆమె అప్పటికే పేరు ఇచ్చి ఉంది.

కాకినాడ రోడ్డులో గ్యారేజీ పెట్టిన గణేష్‌బాబు ఆమె కాలేజీ క్లాస్‌మేట్. అతనితో కూర్చుని మౌంటింగుల గురించి చాలాసేపు వాదించింది. కంపెనీ రబ్బరువే మళ్లీ వేస్తే ప్రయాణం మెత్తగా ఉంటుంది గానీ, పోటీలో ఒత్తిడి పడగానే ఇంజిన్ మళ్లీ ఊగుతుంది. అచ్చంగా లోహంతో చేసిన సాలిడ్ వేస్తే ఇంజిన్ వెంట్రుకవాసి కదలదు. కాకపోతే దాని వణుకంతా నేరుగా సీటులోకి, స్టీరింగులోకి, మనిషి ఎముకల్లోకి వచ్చేస్తుంది. రెండింటికీ మధ్యస్థంగా ఉండేది పాలీయురేథేన్. రబ్బరుకన్నా గట్టి, లోహమంత కఠినం కాదు. గణేష్‌బాబు సాలిడ్ వైపు మొగ్గాడు. ఆమె ఒప్పుకోలేదు. అత్తయ్యగారికి నడుం నొప్పి ఉందని, ఆవిడ కూర్చోలేని కారు తనకి అక్కర్లేదని చెప్పేసింది. పాలీ మౌంటింగులు తనే కోయంబత్తూరు నుంచి తెప్పించింది. ఎర్రగా నిగనిగలాడుతున్న ఆ ముక్కల్ని కవరు మీంచే చేత్తో నొక్కి చూసి, అట్టపెట్టెతో సహా గ్యారేజీలో ఇచ్చి వచ్చింది.

పని అయ్యాక కారు తీసుకురావడానికి మణిదీప్ తనే వెళ్లాడు. కొట్టులో తీరిక ఉండని మనిషి అంత శ్రద్ధగా వెళ్లినందుకు ఆమె మురిసిపోయింది కూడా.

మర్నాడు స్టార్ట్ చేసి బ్రేక్ మీద కాలు పెట్టిందో లేదో, వణుకుతున్న అద్దంలో వెనక వీధి మొత్తం అలుక్కుపోయి కనిపించింది. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ జుయ్యిమంటోంది. ఫోన్ చేస్తే గణేష్‌బాబు, పాలీ కొత్తలో అలాగే ఉంటుందనీ, కొన్నాళ్లు తిరిగితే సర్దుకుంటుందనీ అన్నాడు. ఆమె నమ్మింది. రోజూ ద్రాక్షారామం దాకా వెళ్లి వచ్చేది, సర్దుకుంటుందని. సర్దుకోలేదు. దిగాక వేళ్లు తిమ్మిరెక్కేవి. పూరీపిండి కలపబోతే పట్టు దొరికేది కాదు. రాజరాజేశ్వరి రెండు సోమవారాలు ఓర్చుకుని వచ్చింది. మూడో సోమవారం, నువ్వేమీ అనుకోకమ్మా, బస్సులో వెళ్తాను అంది.

ఆ రోజుల్లో మణిదీప్ చూపించిన ప్రేమ అంతా ఇంతా కాదు. నువ్వులనూనె వెచ్చచేసి ఆమె వేళ్లకి రాసేవాడు. తగ్గిందా అని అడిగేవాడు. కాకినాడలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి పరీక్షలు చేయించాడు. డాక్టరు కొన్నాళ్లు డ్రైవింగ్ తగ్గించమన్నాడు. పోటీ దగ్గరపడుతుంటే, ఈ చేతులతో ఎలా నడుపుతావని అతనే బతిమాలి, ఆమె ఫోన్ తీసుకుని, రాలేనని నిర్వాహకులకి మెయిల్ పెట్టాడు. ఆ సాయంత్రం ఆమె ఏడిస్తే పక్కనే కూర్చుని వీపు నిమిరాడు. తర్వాత మెల్లగా కారు అమ్మే మాట ఎత్తాడు. నాకే వయసు మీద పడిందేమో, చేతులు చేతకాకుండా పోయాయేమో అనుకుని ఆమె సరేనంది.

కొనేవాళ్లు చూడ్డానికి వస్తామన్న వారంలో సైలెన్సర్ బ్రాకెట్ విరిగింది. ఆ వణుకుకి విరగడంలో వింతేమీ లేదు. దగ్గర్లోని సైలెన్సర్ షాపుకి తీసుకెళ్తే వాళ్లు కారుని లిఫ్ట్ మీద పైకెత్తారు. చూద్దామని ఆమె కిందికి వెళ్లి తలెత్తింది. ఇంజిన్ వెనక మౌంటింగు ఉండాల్సిన చోట ఎర్ర రంగు లేదు. బూడిదరంగు అల్యూమినియం దిమ్మ ఉంది. వేలు పెట్టి గీరింది. లోహమే. మిగతా రెండు చోట్లా అదే.

బ్రాకెట్ అతికించగానే తిన్నగా గణేష్‌బాబు గ్యారేజీకి పోనిచ్చింది. అతను ఆమె మొహం చూసి చేతిలో పానా కింద పెట్టాడు.

"నా ఎర్రవి ఏవి?" అంది.

అతను లోపలికి వెళ్లి అట్టపెట్టె తెచ్చాడు. కవరు కూడా చింపలేదు.

"మణిదీప్ గారు ముందే ఫోన్ చేసి సాలిడ్ వెయ్యమన్నారు. నీకు చెప్పొద్దన్నారు. నీ మంచికే అన్నారు ప్రసన్నా. పెళ్లాం కారు గురించి మొగుడు అడిగితే కాదని ఎలా అంటాను?"

"కారు నాది గణేష్. ఫోన్ చేసిన ప్రతిసారీ పాలీ అని చెప్పింది నువ్వు."

అతను ఇప్పుడే మార్చేస్తానని బతిమాలాడు. ఇంక నా బండి మీద చెయ్యి వెయ్యకు అని చెప్పి, పెట్టె తీసుకుని వచ్చేసింది. దారంతా స్టీరింగు ఆమె చేతుల్లో వణుకుతూనే ఉంది. ఇన్నాళ్లూ తన ఒంట్లో ఉందనుకున్న జబ్బు ఈ లోహపు దిమ్మల్లో ఉందని తెలిశాక అంత ఇబ్బందిగా అనిపించలేదు. ఇబ్బంది వేరేచోట మొదలైంది. నూనె రాసిన ఆ చేతులు గుర్తొచ్చాయి. తగ్గిందా అని అడిగిన ప్రతిసారీ అతనికి సంగతి తెలుసు.

మణిదీప్ మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి ఎర్ర మౌంటింగులు టేబుల్ మీద ఉన్నాయి. అతను వాటిని చూసి నిలబడిపోయాడు. ఏంటివి అని అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పుకొచ్చాడు. కిందటేడు పోటీ చూడ్డానికి వచ్చినప్పుడు ఒక కారు రెండు పల్టీలు కొట్టిందట. నడిపినతను నవ్వుతూ దిగాడు గానీ, ఇతనికి మాత్రం అప్పట్నుంచీ కళ్లు మూసుకుంటే అదే కారు, అందులో ప్రసన్న. వద్దంటే ఆమె సరదా చంపినవాడినవుతాను, ఆమెకే విసుగొస్తే గొడవ ఉండదు అనుకున్నాడు.

"భయంగా ఉందని చెప్పొచ్చుగా," అంది.

"చెప్తే మానేసేదానివా?"

"మానేసేదాన్నేమో. మీరు అడగలేదు కదండీ."

వంటింటి గుమ్మంలో రాజరాజేశ్వరి నిలబడి ఉంది. ఆవిడ అంతా విన్నదని అప్పుడే తెలిసింది.

"నా నడుం సంగతి నీకు తెలుసు కదరా," అంది కొడుకుతో. "బస్సులో పోతానంటే బస్టాండు దాకా దింపావు. నడుం మీద చెయ్యేసి బస్సెక్కించావు."

ఆవిడ అన్నం గిన్నె అక్కడ పెట్టి లోపలికి వెళ్లిపోయింది. వడ్డించలేదు.

ప్రసన్న రాజమండ్రిలో ఇంకో గ్యారేజీ వెతుక్కుని, దగ్గర నిలబడి మౌంటింగులు మార్పించింది. కొద్దిపాటి గరగర తప్ప కారు వణుకు తగ్గింది. మూడో గేరు చక్కగా పడింది. కొనేవాళ్లకి అమ్మడం లేదని కబురు పెట్టింది. విశాఖ పోటీ మాత్రం అప్పటికే అయిపోయింది. ఆమె ఖాళీ చేసిన చోటుని వేరెవరికో ఇచ్చారు. ఆ పోటీ ఫొటోలు ఫోన్‌లో వస్తే చూడకుండా పక్కకి తోసేసింది.

సోమవారాలు మళ్లీ అత్తాకోడళ్లు కలిసి వెళ్తున్నారు. ఆవిడ దారిలో కొడుకుని వెనకేసుకు రాలేదు, తిట్టనూ లేదు. ఒకసారి మాత్రం, వాడు చిన్నప్పుడు కూడా అబద్ధమాడితే దొరికేవాడు కాదమ్మా అని, కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ ఊరుకుంది.

మణిదీప్ క్షమించమని అడిగాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. ఇప్పుడు అడక్కపోయినా ప్రతిదీ చెప్తాడు. కొట్టుకి ఎవరొచ్చారో, ఎవరు ఫోన్ చేశారో, ఎక్కడ ఆలస్యమైందో. ఆమె వింటుంది, ఊఁ కొడుతుంది. మొన్నొక రోజు గ్యాస్ బుక్ చేశానన్నాడు. అతను స్నానానికి వెళ్లగానే ఆమె అతని ఫోన్ తీసి చూసింది. నిజంగానే చేశాడు. మెసేజ్ వచ్చి ఉంది. ఫోన్ ఉన్నచోట ఉన్నట్టే పెట్టేసి, ఇంత చిన్న సంగతికి కూడా చూడాల్సొచ్చిందే అని సిగ్గుపడింది. రేపు ఇంకోటి చెప్తే అదీ చూస్తానని కూడా ఆమెకి తెలుసు.