ఖాళీ అవుతున్న బస్సు

పొద్దున్నే ఆకుపచ్చ టోపీ పెట్టుకుని ఆపరేషన్ థియేటర్‌లోకి రాగానే మత్తు డాక్టరమ్మ చేసే మొదటి పని కొత్త మెషీన్ వంక అనుమానంగా చూడటం. అదొచ్చి వారమైంది. పేషెంటు బీపీ పెరిగితే తనే మత్తు గ్యాసు పెంచుతుంది, పడితే తనే తగ్గిస్తుంది. పాతికేళ్ళుగా ఆ పని ఆవిడ వేళ్ళు చేశాయి. అడక్కుండా సాయానికొచ్చే వాళ్ళంటే ఆవిడకి మొదట్నించీ గురి లేదు.

పాత మెషీన్‌లో ఉన్నట్టే దీనికీ గాజు కుండ ఉంది. అందులో నల్లటి తిత్తి పేషెంటు ఊపిరితో పాటు పైకీ కిందకీ ఆడుతుంది. ఆ ఊపిరి ఆవిరిలో పేషెంటు కంటున్న కల కనబడుతుంది. ఆపరేషన్ అయ్యాక గాజుకి అంటిన కలని స్పిరిట్ గుడ్డతో తుడవడం ఆయా పని.

ఆ రోజు పేషెంటు ఒక బస్సు కండక్టరమ్మ. చెవి ఆపరేషన్. సంతకం పెట్టమంటే కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుగుకి పెట్టి చూసి మరీ పెట్టింది.

చెవి లోపల చుక్క రక్తం ఊరినా సర్జన్‌కి కళ్ళకి గంతలు కట్టినట్టే. అందుకే బీపీ కాస్త తక్కువలో ఉంచమన్నాడు. కండక్టరమ్మ మణికట్టులోకి సన్నటి గొట్టం వేసి, స్టాండుకి గుండె ఎత్తులో బిగించిన మీటరుకి కలిపారు. ఆ మీటరుని చూసే మెషీన్ గ్యాసు నడుపుతుంది. కాసేపటికి నడుం లాగుతోందని సర్జన్ పేషెంటున్న బల్ల ఎత్తమన్నాడు. డాక్టరమ్మ బటన్ నొక్కి ఎత్తింది.

తెర మీద అంకె చటుక్కున ఎగిరింది. మెషీన్ గ్యాసు పెంచింది. అంకె బుద్ధిగా దారికొచ్చి, అక్కడే కూర్చుంది. ఇంత పొడిగా చెవిని ఎప్పుడూ చూడలేదని సర్జన్ మెషీన్‌ని మెచ్చుకున్నాడు. డాక్టరమ్మకి ఆ మెచ్చుకోలూ నచ్చలేదు, ఆ అంకె వినయమూ నచ్చలేదు. గొట్టం కలిపిన టెక్నీషియన్ వంక గుచ్చి గుచ్చి చూసింది.

"మేడమ్, బస్సు ఖాళీ అయిపోతోంది" అంది సిస్టర్, కత్తెరలు లెక్కపెట్టుకుంటూ.

గాజు కుండలో బస్సు స్టాపు స్టాపుకీ ఆగుతోంది. దిగేవాళ్ళే గానీ ఎక్కేవాళ్ళు లేరు. చివరికి డ్రైవరూ దిగిపోయాడు. కండక్టరమ్మ లైట్లు ఆర్పి, సంచీ భుజాన వేసుకుని, ఫుట్‌బోర్డు మీంచి ఒక కాలు కిందకి చాపింది.

డాక్టరమ్మ మెషీన్ పెత్తనం కట్టేసి, తన చేత్తో గ్యాసు తగ్గించింది. రెండో చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తే తెర మీది అంకె కన్నా బాగా తక్కువుంది. వెంటనే బీపీ పెంచే మందు ఎక్కించి, వంగి స్టాండు చూసింది. బల్ల పైకి లేచింది గానీ మీటరు పాత ఎత్తులోనే ఉండిపోయింది. గుండె కన్నా జానెడు కిందైపోయి, లేని బీపీని ఉన్నట్టు చూపిస్తోంది. మెషీన్ పాపం దాని మాట నమ్మింది. డాక్టరమ్మ అందర్నీ అనుమానించింది, బటన్ నొక్కిన తన వేలిని తప్ప.

గాజులో బస్సులోకి మళ్ళీ ఒకరొకరే ఎక్కసాగారు.

తప్పు మెషీన్‌దని రాసెయ్యమన్నాడు సర్జన్, కొత్తది కాబట్టి ఎవరైనా నమ్ముతారని. బల్ల ఎత్తిందీ, మీటరు సరిచెయ్యందీ తానేనని కేసు షీటులో రాసి సంతకం పెట్టింది డాక్టరమ్మ.

సాయంత్రం వార్డుకెళ్ళి కండక్టరమ్మకీ అదే చెప్పింది. ఆమె కట్టులేని చెవి ఇటు తిప్పి అంతా విని, డాక్టరమ్మ మొహంలోకి అనుమానంగా చూసింది.

"దిగిపోదామనే అనుకున్నా. ఇంతలో ముందు తలుపులోంచి ఆకుపచ్చ టోపీ పెట్టుకున్నావిడ ఎవరో గబగబా ఎక్కింది. టికెట్ ఇవ్వకుండా ఎలా దిగను?"

ఆమె ఇంకా అనుమానంగానే చూస్తోంది.

"ఎక్కడిదాకమ్మా?" అంది.

డాక్టరమ్మ కోటు జేబులో చిల్లర వెతుక్కుంది.