పిన్ని తెచ్చిన నీళ్ల డబ్బా

బాబాయి అమ్ముతానంటున్న కారు తను కొనాలా వద్దా అని ఆమె పొద్దుటి నుంచి గుంజాటన పడుతోంది. చిన్న కారే, పాతదే. కానీ డ్యూటీకి బయల్దేరాక నడిరోడ్డు మీద మొరాయించే బండి తనలాంటి నర్సుకు దేనికి? టైర్లు నొక్కి చూసింది, వంగి కింద నేల మీద నూనె మరకలున్నాయేమో చూసింది, బానెట్ ఎత్తించింది. ఎక్కడా వంక దొరకలేదు. దొరకకపోవడమే ఆమెకు మింగుడు పడటం లేదు.

"సొంత అన్న కూతురికి డొక్కు బండి అంటగడతానా?" అన్నాడు బాబాయి, మొహం గంటు పెట్టుకుని.

ఇంకా తరచి చూస్తే బాగుండదనిపించింది. "సరే బాబాయ్, ఊరి చివరిదాకా ఓసారి నడుపు. పిన్నీ, నువ్వూ రా," అంది.

"మీ పిన్నికి వంటింట్లో పనుంది," అన్నాడు బాబాయి గబుక్కున.

పిన్ని అప్పటికే చెప్పులేసుకుంది. ఎప్పటి అలవాటు కొద్దీ పెరట్లోకి వెళ్లి, పెద్ద నీళ్ల డబ్బా మోసుకొచ్చి, వెనక సీట్లో కాళ్ల దగ్గర పెట్టుకుంది.

"పావుగంటలో వచ్చేస్తాంగా, ఇన్ని నీళ్లెందుకు పిన్నీ?"

"మనకి కాదే, బండికి. ఊరి చివరికి వెళ్లేసరికి ఆవిర్లు కక్కుతుంది. నీళ్లు పొయ్యకపోతే కదలదుగా," అంది పిన్ని, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ.

బాబాయి తాళంచెవి తిప్పలేదు.