వంచిన తొట్టి లెక్క

జిన్‌పచి తొట్టికి ఆఖరి వెదురు కట్టు బిగించి, చెక్క సుత్తితో చుట్టూ కొట్టుకుంటూ వచ్చాడు. వేళ్ళు కణుపులు తేలి ఉన్నాయి. ఎడమ బొటనవేలి గోరు ఏనాడో పోయింది. బియ్యంతో సాకే సారా కాచేవాళ్ళకి తొట్లు చేసి బతికే మనిషి. మా ఊళ్ళో అతన్ని చూద్దామని ఎవరూ ఆగేవారు కాదు.

అయితే అతనికి లెక్కల పిచ్చి. మా దగ్గర లెక్క తేలితే చెక్క పలక మీద బొమ్మ గీసి, జవాబు రాసి, కోవెల చూరు కింద కడతాం. దేవుడికి మొక్కు, తోటివాళ్ళకి సవాలు. నిరుడు జిన్‌పచి కూడా ఒకటి కట్టాడు. నిండు తొట్టిని దాని అడుగుభాగం సగం బయటపడేదాకా వంచితే నీరెంత మిగులుతుంది? అడుగుభాగంలో సగం మీదే నీరుంది, పైగా ఏటవాలు గనక అందులోనూ సగం. మొత్తం మీద నాలుగో వంతు అని రాసేశాడు.

ఈ చలికాలంలో తొట్టి కడుగుతూ ఊరికే కొలిచి చూశాడు. నూరు కొలతల తొట్టిలో ఇరవై ఐదు మిగలాలి. ఇరవై ఒకటీ చిల్లర వచ్చింది. కారుతోందేమోనని తిప్పి చూశాడు గానీ, జిన్‌పచి చేసిన తొట్టి కారడమా!

అప్పుడు తొట్టిలాగే గుండ్రటి ముల్లంగిని నీళ్ళు నిలిచిన వాలునే కోసి, ఆ ముక్కని నిలువునా పల్చటి బిళ్ళలు తరిగాడు. ప్రతి బిళ్ళా ముక్కోణమే. నడిమిది పెద్దది. అంచుకి పోయేకొద్దీ పొడవూ తగ్గుతోంది, ఎత్తూ తగ్గుతోంది. ఎత్తు తగ్గడం తను మరిచాడు. అన్నీ కూడితే, అడుగుభాగం వెడల్పులో సగాన్ని దానితోనే హెచ్చవేసి, మళ్ళీ తొట్టి ఎత్తుతో హెచ్చవేసి, అందులో మూడింట రెండు వంతులు. గుండ్రటి తొట్టి, జవాబులో గుండ్రానికి వాడే మూడూ చిల్లర అంకె జాడే లేదు! గర్వంతో ఆ పూట అన్నం దిగలేదు. బిళ్ళల్ని అతని భార్య ఊరవేసింది, ఆమె పేరు ఒటాకి.

పక్కూరి అద్దకపువాడొకడు అదే లెక్క మీద కూర్చున్నాడని వినికిడి. వాడికంటే ముందే దిద్దాలి. జిన్‌పచి కొత్త పలక చంకన పెట్టుకుని బయల్దేరాడు.

"ఆ పాతది దింపి పొయ్యిలో పెట్టక, పక్కన ఇంకోటి కడతావేంటయ్యా? ఊరంతా చదవదూ?" అంది ఒటాకి.

"చదవాలనే."

"నవ్వుతారు."

"నవ్వనీవే. ఇంకొకడు పట్టుకుంటే అది నా తప్పు. నేనే పట్టుకున్నాను, ఇప్పుడు అదీ నా లెక్కే."

పాతది దింపేస్తానని కోవెల పూజారి కూడా అన్నాడు. జిన్‌పచి ఒప్పుకోలేదు. నిచ్చెనెక్కి తనే కట్టాడు. 'తొట్ల జిన్‌పచి తప్పును తొట్ల జిన్‌పచి దిద్దాడు' అని ఉంది కొత్తదాని మీద. దిగి, రెండింటినీ తనివితీరా చూసుకుని, మెట్ల మీద ఎండలో స్తంభానికి ఆనుకున్నాడు. పూజారి టీ తెచ్చి, కునుకు తీస్తున్నాడు కదా అని పక్కన పెట్టి వెళ్ళాడు. అన్నానికి పిలవడానికొచ్చిన ఒటాకి భుజం తట్టింది, చెంప తాకింది, అక్కడే కూలబడింది.

వారానికి అద్దకపువాడు తన పలకతో వచ్చాడు. రెండూ చదివాడు. తలవంచి దణ్ణం పెట్టి, తన పలకని గుడ్డలో చుట్టుకుని వెనక్కి వెళ్ళాడు.

పోయినవాడి పరువు కోసం తప్పు పలకని తీసేద్దామన్నారు పెద్దలు. "ముట్టుకుంటే ఊరుకోను. రెండూ మా ఆయనవే" అంది ఒటాకి.

ఇప్పటికీ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. తప్పుదే కాస్త పెద్దది, జిన్‌పచి అప్పట్లో దానికి ఎర్ర రంగు అంచు కూడా వేయించుకున్నాడు.