నలభై ఏళ్లు ఆలస్యంగా వచ్చిన లారీ

"శనివారం మధ్యాహ్నం లారీ వస్తోంది నాన్నా, ఇంట్లోనే ఉండు" అని నేను ఫోన్లో చెబితే, లాయరు వస్తున్నాడని విన్నాడు మా నాన్న ఓర్లా. ఎనభై ఏడేళ్ల చెవులు మరి. శనివారం పొద్దున్నే నేను వెళ్లేసరికి, చావులకు మాత్రమే తొడిగే నల్లకోటు వేసుకుని, చేపలకు పొగబెట్టే మా కొట్టు కాగితాలు ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

"కొట్టు అమ్మేది లేదు. ఆ లాయర్ని వచ్చినవాణ్ణి వచ్చినట్టే పొమ్మను."

"లాయరు కాదు, లారీ. మా క్లాసు వాళ్లు. స్కూలు వదిలి నలభై ఏళ్లయింది కదా, మళ్లీ టోపీలు పెట్టుకుని ఊరేగుతున్నాం."

లాయరు పేరు చెప్పినప్పటికంటే ఎక్కువ ముడుచుకుంది ఆయన మొహం. "ఆ క్లాసా? మనది పొగ, వాళ్లది పొగరు. ఆనాడు ఆగని లారీ ఇప్పుడెందుకు?"

మా బోర్న్‌హోల్మ్ దీవిలో ఆఖరి పరీక్ష గట్టెక్కిన పిల్లలు తెల్లటోపీలు పెట్టుకుని, పచ్చటి కొమ్మలు కట్టిన లారీ ఎక్కి, క్లాసులో ప్రతి ఒక్కరి ఇంటి ముందూ ఆగాలి. ఆ ఇంటివాళ్లు తిండీ తాగుడూ పెట్టాలి. ఒక్క ఇల్లూ వదలకూడదు. 1984లో మా అమ్మ వెనక పెరట్లో బల్లలు వేసి, ఇరవై రెండు గ్లాసులు తుడిచిపెట్టింది. లారీ హారన్ కొట్టుకుంటూ మా ఇల్లు దాటిపోయింది.

ఆపొద్దని డ్రైవరుకు చెప్పింది నేనే. డాక్టరు ఇల్లూ, బ్యాంకు మేనేజరు ఇల్లూ తిరిగొచ్చాక, చేపల కంపు కొట్టే పెరట్లో వాళ్లను ఎలా దింపను? క్లాసుతో "మావాళ్లు ఊళ్లో లేరు" అన్నాను. ఇంట్లో "వాళ్లు ఆపనివ్వలేదు" అన్నాను. నెత్తిన టోపీ పెట్టుకున్న రోజే ఇద్దరికీ టోపీ పెట్టాను. నిజం తెలియకుండానే అమ్మ పోయింది. నాన్నకైనా చెబుదామంటే ఇన్నేళ్లూ ధైర్యం చాల్లేదు. అందుకే ఈసారి ఊరేగింపు దారి నేనే వేశాను. చివరి ఇల్లు మాది.

మూడింటికి పదహారుమందిమి లారీ మీద వచ్చాం. టోపీలు కుంచించుకుపోయాయని అందరం ఒప్పుకున్నాం, తలలు ఉబ్బాయని ఎవరూ ఒప్పుకోలేదు. లారీ ఆగింది. నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దారి తప్పారా?"

డాక్టరు గారమ్మాయి బెంటె కిందికి వంగి చెప్పింది. "అప్పుడు మీరు ఊళ్లో లేరట కదండీ. అందుకని ఇప్పుడొచ్చాం."

"ఊళ్లో లేకపోవడమేంటి? బల్లలేసుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నాం."

పదిహేను టోపీలు నావైపు తిరిగాయి. నేను టోపీ తీసేసి లారీ దిగాను.

"ఆపొద్దన్నది నేనే నాన్నా. మన పెరడంటే సిగ్గేసింది. వీళ్లకీ అబద్ధం చెప్పాను, మీకూ చెప్పాను."

నాన్న నన్ను చూడలేదు. బెంటెను చూశాడు.

"అమ్మాయ్, మీ అమ్మ ఉందా?"

"ఉందండీ. తొంభై."

"శుక్రవారం శుక్రవారం నా దగ్గరే కొంటుంది. మీరు లారీ ఆపనివ్వలేదన్న కసితో నలభై ఏళ్లుగా ఏరి ఏరి, ముల్లు తప్ప కండలేని చేపలే ఇస్తున్నా."

"అందుకా? మీ చేపలు తినబట్టే సన్నగా ఉన్నానని ఊరంతా చెప్పుకుంటుంది మా అమ్మ."

ముందు నాన్న నవ్వాడు. తర్వాత లారీ మొత్తం ఊగింది. ఆయన నల్లకోటు విప్పి నా మొహాన విసిరి, పొగగూడు తలుపు తెరిచాడు. అరగంటలో పదిహేనుమందీ పెరట్లో వేళ్లు నాక్కుంటూ కూర్చున్నారు. ఒకప్పటి బ్యాంకు మేనేజరు కొడుకు మూడో చేప అడిగాడు. వడ్డన నాది, తిట్లూ నావే. ఆ పెరట్లో అంత గర్వంగా నేనెప్పుడూ నిలబడలేదు.

హారన్ విని గోడ దగ్గర చేరిన ఇరుగుపొరుగుకు నాన్న నన్ను చూపించి పేరుపేరునా చెప్పాడు. "వీళ్లు రానన్లేదు, మా ప్రెబెన్ రానివ్వలేదు." చివరికి బెంటె ఫోను తీసుకుని వాళ్లమ్మకూ అరిచి చెప్పాడు.

"తప్పు మావాడిది తల్లీ, ముల్లు నీకొచ్చింది. వచ్చే శుక్రవారం నుంచి కండ నీకు, ముల్లు వాడికి."