గులాబీకి కుట్టిన పరుపు

వీధిలో అందరూ ఆయన్ని పరుపులాయన అంటారు. దూది దట్టించడంలో ఆయన చేతికి తిరుగులేదు. ఆయన కుట్టిన పరుపు మీద ఏనుగు పడుకున్నా గుంట పడదని పేరు. మనిషి పడుకుంటే ఏమవుతుందో మాత్రం ఎవరూ అడగలేదు.

భార్య కూతురింటికి బయల్దేరుతూ పెరట్లో గులాబీని చూపించింది. చనిపోయిన అక్క ఇచ్చిన కొమ్మని నాటి, కంటికి రెప్పలా కాచుకున్న మొక్క అది.

"నీళ్లు పోయండి, చాలు. మీ పనితనం చూపించకండి."

వద్దన్నాక చేతులు ఊరుకుంటాయా? మొక్క మొదట్లో ఎండాకులు పరిస్తే నేల తడి ఆరదని, అవే కుళ్లి ఎరువవుతాయని, దాన్ని మల్చింగ్ అంటారని ఆయన ఎక్కడో విన్నాడు. పరవడంలో తన తర్వాతే ఎవరైనా అనుకున్నాడు. ఎండాకులు, గడ్డి పోగేసి, కాండానికి ఆనించి మూరెడెత్తు పేర్చి, పిడికిలితో గుద్ది, మళ్లీ దట్టించాడు. పైన గోనెపట్టా కప్పి అంచులు దబ్బనంతో కుట్టేశాడు కూడా. రోజూ దానిమీదే నీళ్లు పోశాడు. ఆకులు పసుపుబారితే, పాపం చలేస్తోందేమోనని ఇంకో బుట్టెడు కూరాడు.

భార్య తిరిగొచ్చి, చేతిలో సంచి కూడా దించకుండా పెరట్లోకి నడిచింది. ఆయన తేలుకుట్టిన దొంగలా తలుపు చాటున నిలబడ్డాడు.

"ఏమండీ, ఇది మొక్కా, కొత్తల్లుడా? ఇంత మర్యాద చేశారు!"

నవ్వుతూనే కుట్లు విప్పి, ఆకులు లాగేసింది. కాండం ఒకపక్క నల్లగా మెత్తబడి ఉంది. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"అక్క గుర్తుగా నాకిదొక్కటే ఉందండీ."

పరుపులాయన తలుపు చాటునుంచి వచ్చి మొక్క పక్కన కూలబడ్డాడు.

ఆవిడ రెండోపక్క గోటితో గీకి చూసింది. లోపల పచ్చగా ఉంది.

"ఇంకా ప్రాణముంది. కాండం చుట్టూ జానెడు ఖాళీ వదిలి, మిగతా చోట పలచగా పరవండి. ఊపిరాడాలి కదా."

ఆయన గుప్పెడు గుప్పెడుగా పరిచాడు. "గట్టిగా ఉంటేనే కదా మన్నిక," అని గొణిగాడు.

"అవునవును. మనమ్మాయింట్లో నేనన్నేసి రోజులు ఎందుకుంటానో తెలుసా? అక్కడి పరుపు మీరు కుట్టింది కాదు."

పరుపులాయన లేచి, లోపలికెళ్లి, కత్తెర తీసి తమ పరుపు కుట్లు కత్తిరించడం మొదలుపెట్టాడు.

"అయ్యయ్యో, ఏం చేస్తున్నారండీ?"

"నీకూ ఊపిరాడాలిగా," అన్నాడు.

గులాబీ చిగురు వేసేనాటికి ఆవిడ వదులైన పరుపు మీద పట్టపగలు కూడా గురకపెడుతోంది. పరుపులాయన ఆ గురక వింటూ, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని మొక్కకి కాపలా కాస్తున్నాడు.