ఒక దుప్పటికి ఒక మాట

"ఇప్పుడంత నవ్వొచ్చే విషయం ఏం జరిగిందని?" అని మా ఆయన అడిగేసరికి నేను వంటింట్లో గిన్నెలు తోముతూ ఒక్కదాన్నే నవ్వుకుంటున్నాను. మా ఇంట్లో నవ్వాలంటే కారణం చూపించాలి. ఆ కారణం ఆయనకి నచ్చాలి, హాల్లో కూర్చున్న మా అత్తయ్యకి అర్థం కావాలి. ఆ తర్వాత మిగిలితే నవ్వుకోవచ్చు. పెళ్ళైన కొత్తలో నా నవ్వు వీధి చివరిదాకా వినిపించేదట. "నీ నవ్వు గుమ్మం దాటుతోందమ్మాయ్, కాస్త చూసుకో" అన్నారు అత్తయ్య, ఒకరోజు నా తల నిమురుతూ. కసురుకుని ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. ముద్దుగా చెప్పారు కాబట్టి విన్నాను. పంతొమ్మిదేళ్ళుగా వింటూనే ఉన్నాను. నా నవ్వు వీధిలోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి వంటింట్లోకి వచ్చి, ఆఖరికి కుళాయి నీళ్ళ చప్పుడు కింద దాక్కుంది.

ఆ రోజు నవ్వుకి కారణం రేడియో అక్క.

నేను ఒక పెద్దాసుపత్రి లాండ్రీలో పని చేస్తాను. పొద్దున వార్డుల నుంచి వచ్చిన మాసిన బట్టల మూటలు విప్పి వేరు చేయాలి. మధ్యాహ్నం నుంచి, ఉతికి ఆరిన దుప్పట్లు మడతపెట్టాలి. దుప్పటి మడత ఇద్దరు చేసే పని. అటు కొసలు రెండూ ఒకరు, ఇటు కొసలు రెండూ ఒకరు పట్టుకుని, దులిపి, బిగించి లాగి, సగానికి మడిచి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు అందించుకోవాలి. అలా దగ్గరికొచ్చినప్పుడు ఇద్దరి మొహాల మధ్యా జానెడు దూరం కూడా ఉండదు. మిగతా వేళల్లో యంత్రాల హోరుకి గొంతు చించుకున్నా వినపడదు. అందుకని మా కబుర్లన్నీ ఒక దుప్పటికి ఒక మాట చొప్పున నడిచేవి. ఎనిమిదేళ్ళుగా నా ఎదుటి కొసలు పట్టుకున్న మనిషి రేడియో అక్క. నోరు మూయదని ఎవరో పెట్టిన పేరు. నాకంటే పదేళ్ళు పెద్దది, నాకంటే పదింతలు అల్లరిది.

ఆ రోజు మొదటి దుప్పటికి, "చెల్లెలింటికి వెళ్ళాను కదా, మా ఆయన ఫోన్ చేశాడే" అంది. రెండో దుప్పటికి, "ఉప్పెక్కడుంది అనడిగాడు" అంది. మూడోదానికి, "స్టవ్ పక్కనే ఉంది చూడండి అన్నాను" అంది. నాలుగో దుప్పటి మడిచి దగ్గరికొచ్చి, నా మొహంలో మొహం పెట్టి, "స్టవ్ ఎక్కడ అనడిగాడు" అంది. నా చేతిలో కొసలు జారిపోయాయి. దుప్పటి నేలమీద పడింది. నేల తాకిన దుప్పటిని మళ్ళీ ఉతకాలి, అది మా దగ్గర రూలు. సూపర్‌వైజరమ్మ తన అద్దాల గదిలోంచి తల బయటపెట్టి, "మీ నవ్వులకి నా సబ్బంతా అయిపోయేట్టుంది!" అని కేకేసింది.

కారణం అడిగారు కదా అని మా ఆయనకి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విని, "ఇందులో నవ్వేముంది? పాపం తెలియక అడిగాడు" అన్నాడు. కాసేపు ఆలోచించి, "ఇంతకీ మనింట్లో ఉప్పెక్కడుంటుంది?" అన్నాడు. నిజంగానే అడిగాడు! పొట్ట చేత్తో పట్టుకుని, గట్టు మీదకి వాలిపోయి నవ్వాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ఇల్లు ఎంత హాయిగా ఉందో!

ఇంట్లో ఉతికిన దుప్పట్లు మడతపెట్టేటప్పుడు నా చేతులు అలవాటుకొద్దీ రెండు కొసలు ముందుకి చాచేవి. ఒకసారి మా ఆయన అటుగా వస్తుంటే అలాగే చాచాను. చెప్పాల్సిన మాట కూడా నాలుక చివర సిద్ధంగా ఉంది. ఆయన "దారికి అడ్డం పెట్టావేంటి?" అని, వంగి, దుప్పటి కిందనుంచి దూరి అవతలికెళ్ళిపోయాడు. చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, తిట్టడు. ఈ మూడూ చేయనందుకు మా బంధువులందరూ నన్ను అదృష్టవంతురాలంటారు. నేను పొద్దున్నే లేచి ఇంటిల్లిపాదికీ వండి, అత్తయ్య కాళ్ళకి నూనె రాసి, పరిగెత్తి బస్సెక్కి, సాయంత్రం అదే పరుగుతో తిరిగొచ్చినా, ఆ ఇంట్లో నాకు ఎదురొచ్చి రెండు కొసలు పట్టుకునేవాళ్ళు లేరన్న సంగతి ఎవరికి చెప్పుకోను? చెప్తే, "దుప్పటి మడతకి కూడా ఏడుస్తారా?" అంటారు.

అలాంటి రోజుల్లో రేడియో అక్కకి కడుపులో గడ్డన్నారు. మా ఆసుపత్రిలోనే మూడో అంతస్తులో, పదకొండో నంబరు మంచం ఇచ్చి, ఆపరేషన్ చేశారు. నా భోజనం అరగంటలో మెట్లెక్కి పైకెళ్ళేదాన్ని. నన్ను చూడగానే, "వచ్చావా? నన్ను మాత్రం నవ్వించకే తల్లీ, కుట్లూడిపోతాయి" అనేది. అని, తనే మొదలుపెట్టేది. ఊపిరి అందక రోజుకి నాలుగు మాటలే చెప్పగలిగేది. ఆ నాలుగు మాటల్లో తన జీవితంలో ఎవ్వరికీ చెప్పని సంగతి చెప్పడం మొదలుపెట్టింది. "నేనొకసారి ఇల్లొదిలి వెళ్ళిపోయాను తెలుసా?" అంది ఒకరోజు. మర్నాడు, "సంచీలో రెండు జతల బట్టలు, దువ్వెన, ఆ కంగారులో టీవీ రిమోటూ వేసుకున్నా" అంది. ఆ మర్నాడు, "బస్టాండులో గుర్తొచ్చిందే, పాపం వాళ్ళంతా ఒకే ఛానెల్ చూస్తుంటారని" అంది. నేను దిండు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాను. తను కుట్లు పట్టుకుని, కళ్ళు మూసుకుని, నవ్వకుండా నవ్వింది. మనిషి అప్పటికే సగమైపోయింది.

శనివారం నాడు, "బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నానా, నా పక్క సీట్లోకి ఎవరొచ్చి కూర్చున్నారో చెప్పుకో" అంది. "ఎవరక్కా?" అన్నాను. నర్సు వచ్చింది, నా అరగంటా అయిపోయింది. "రేపు రా, చెప్తా" అంది. రేపు ఆదివారం, నాకు సెలవు కదా అన్నాను. నా చెయ్యి పట్టుకుంది. "అందుకే రమ్మంటున్నా. పనిలోంచి పరిగెత్తుకొచ్చినట్టు కాదే. నాలుగింటికి అందరి చుట్టాలూ వస్తారు. నువ్వూ అలా రా. నా మంచం పక్క కుర్చీలో తీరిగ్గా కూర్చో. ఎవరైనా నాకోసమని వస్తే చూడాలనుంది" అంది. అక్క అల్లరి లేకుండా మాట్లాడిన మాట నాకు తెలిసి అదొక్కటే. తప్పకుండా వస్తానన్నాను. మెట్ల దగ్గర వెనక్కి తిరిగి, వేలు చూపించి బెదిరించి మరీ చెప్పాను, అప్పటిదాకా పక్క సీట్లో మనిషిని బస్సు దిగనివ్వొద్దని.

ఆదివారం మా ఆడపడుచు, ఆవిడ భర్త, పిల్లలు భోజనానికొచ్చారు. ముందే తెలుసు కాబట్టి చీకటుండగానే లేచి అన్నీ చేశాను. రెండున్నరకి వడ్డనలయ్యాయి. మూడింటికి నేను తిన్నాను. మూడున్నరకి గిన్నెలు తోమేసి, బట్టలు మార్చుకుని, హాల్లోకొచ్చి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నాను.

"ఎక్కడికి?" అన్నాడు మా ఆయన.

"ఆసుపత్రికండీ. అక్కని చూసొస్తాను."

"సెలవు రోజు కూడా ఆసుపత్రేనా? ఇంట్లో మనుషులుండగా! రేపెలాగూ అక్కడికే వెళ్తావుగా."

"ఇవాళ వస్తానని మాటిచ్చాను."

"ఆవిడ నీకేమవుతుందని?"

ఏమవుతుంది? అక్క కాదు, వదిన కాదు, పిన్ని కూతురు కాదు. ఎనిమిదేళ్ళుగా రోజుకి రెండు వందల సార్లు నాకు ఎదురు నడిచొచ్చే మనిషిని ఏమంటారో నాకెవరూ నేర్పలేదు. "పోనీ వెళ్ళనీ అన్నయ్యా" అంది ఆడపడుచు, మంచి మనసుతోనే. అంటూనే నావైపు తిరిగి, "టీ పెట్టేసి వెళ్తావా వదినా? మేము ఐదింటికి బయల్దేరతాం" అంది. అత్తయ్య నా చెప్పుల వంక చూశారు. నేను చెప్పులు విడిచేశాను.

ఎవరూ తలుపుకి గొళ్ళెం పెట్టలేదు. ఎవరూ నా చెయ్యి పట్టుకుని ఆపలేదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ రాయాలి. నేను వెనక్కి నడిచి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. అక్కకి ఫోన్ చేశాను. "పర్లేదులేవే, నాకు తెలుసు" అంది. ఆ "నాకు తెలుసు" అనడంలో కోపం కూడా లేదు. "ఎవరక్కా, పక్క సీట్లో?" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ. "ఫోన్లో చెప్పేది కాదే. నీ మొహం చూస్తూ చెప్పాలి" అంది.

సోమవారం పొద్దున మూటలొచ్చాయి. మా ఆసుపత్రిలో మామూలు మూటకి ఒక ముడి వేస్తారు. మనిషి పోయిన మంచం దుప్పట్లకి రెండు ముళ్ళు వేసి, అంతస్తు, మంచం నంబరు రాసిన చీటీ కడతారు. వాటిని విడిగా ఉతకాలి, అందుకని. వారానికి పదో పన్నెండో వస్తాయి. చీటీలు చదివే అలవాటు కూడా పోయింది నాకు. ఆ రోజు మూడో మూటకి రెండు ముళ్ళున్నాయి. మొదటి ముడి విప్పేశాను. రెండోది విప్పుతుంటే చీటీ వేళ్ళకి తగిలింది. మూడో అంతస్తు, పదకొండు.

నేలమీద కూలబడి ఏడ్చాను. ఆదివారం సాయంత్రం ఐదున్నరకి పోయిందట. మా వాళ్ళు టీ తాగి, గుమ్మంలో నిలబడి ఇంకో పావుగంట కబుర్లాడి వెళ్ళిన వేళ. సూపర్‌వైజరమ్మ నీళ్ళు తెచ్చిచ్చింది, వీపు నిమిరింది. సెలవడిగితే మాత్రం తల దించుకుంది. "చావుకి సెలవు సొంతవాళ్ళకేనమ్మా. ఏ చుట్టరికమని రాయను?" అంది. ఆ మూట నేనే విడిగా తీసుకెళ్ళి, నేనే యంత్రంలో వేశాను. మధ్యాహ్నం ఆ దుప్పటి తెల్లగా ఉతికొచ్చి మిగతా దుప్పట్లలో కలిసిపోయింది. ఏది అక్కదో పోల్చుకోలేకపోయాను.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన నొచ్చుకున్నాడు. "అయ్యో" అన్నాడు. నేను మూడో రోజు కూడా అన్నం ముందు కూర్చుని ఏడుస్తుంటే, "పనిచేసే చోట మనిషి కోసమే ఇంత ఏడిస్తే, రేపు మా అమ్మకేమైనా అయితే ఏమైపోతావు?" అన్నాడు. ఇంత ఏడవనండీ, అని లోపలే అనుకున్నాను. మీ అమ్మకి పంతొమ్మిదేళ్ళు కాళ్ళు పట్టాను, ఒక్క రోజైనా నన్ను నవ్వించలేదు. నవ్వించిన మనిషి పోతే ఎంత ఖాళీ అవుతుందో, ఆ ఖాళీకి ఏ సెలవు కాగితంలోనూ గడి లేదు. మజ్జిగ పోసుకుని తిని లేచాను.

అక్క చోట ఒక పెద్దావిడని వేశారు. అరవైకి దగ్గర్లో ఉంటుంది. ఆసుపత్రి వంటశాలలో పెద్ద గిన్నెలు మోసి మోసి నడుం పట్టేస్తే ఇటు మార్చారట. ఆవిడ చేసిన తప్పల్లా అక్క నిలబడే చోట నిలబడటం. మూడు వారాలు నేను ఆవిడ మొహంలోకి చూడలేదు. ఆవిడా తలెత్తలేదు. దులపడం, లాగడం, మడవడం, దగ్గరికి రావడం, కొసలందించడం, వెళ్ళిపోవడం. ఒక్క దుప్పటీ కింద పడలేదు. సూపర్‌వైజరమ్మ మా పనిని మెచ్చుకుంది కూడా.

మొన్న సాయంత్రం, పని దిగే వేళకి, ఆఖరి దిండు గలీబు దులిపాను. అందులోంచి ఏదో టక్కున బల్లమీద పడి, దొర్లి, ఆవిడ ముందు ఆగింది. పళ్ళసెట్టు. ఏ వార్డులో ఏ తాతగారివో, గలీబులో మర్చిపోయినట్టున్నారు, సబ్బునీళ్ళలో తిరిగి తిరిగి తళతళ మెరుస్తూ మమ్మల్ని చూసి ఇకిలిస్తున్నాయి. ఆవిడ పెదాలు అదిరాయి. చటుక్కున చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అద్దాల గది వైపు చూసింది, తలుపు వైపు చూసింది, ఆఖరికి నావైపు చూసింది.

"ఇక్కడ నవ్వొచ్చా అమ్మా?" అంది.

ఆవిడ గొంతు వినడం నాకదే మొదలు. అరవయ్యేళ్ళ మనిషి! ఎవరెవరి గుమ్మాల్లో, ఎంతమంది దగ్గర అడిగీ అడిగీ ఇక్కడిదాకా వచ్చిందో ఆ ప్రశ్న. మూడు వారాలు ఆవిడ నాకు ఎదురు నడిచొస్తే నేను మొహం తిప్పుకున్నాను. "నవ్వండి పిన్నీ" అన్నాను. ఆవిడ నవ్వింది. మొదట ముక్కుతో, తర్వాత భుజాలతో, తర్వాత బల్ల పట్టుకుని, వంగిపోయి, కళ్ళనీళ్ళు కారేలా. నాకూ కారుతున్నాయి, నావి నవ్వువో ఏడుపువో నేను చూసుకోలేదు. "మా అత్తగారికీ ఒక పళ్ళసెట్టుండేదమ్మా" అంది ఆవిడ రొప్పుతూ. "ఒకసారి దాన్ని నేనేం చేశానంటే..."

ఐదింటి గంట మోగింది. ఆవిడ ఉలిక్కిపడి నవ్వు మింగేసి, కళ్ళు తుడుచుకుని, సంచీ అందుకుంది. "ఎప్పుడైనా చెప్తాలేమ్మా, నీకు బస్సు పోతుంది" అంది. నేను ఆవిడ చేతిలో సంచీ తీసి బల్లమీద పెట్టాను. రెండు స్టూళ్ళు లాగాను.

"కూర్చోండి. ఇప్పుడే చెప్పాలి" అన్నాను.

ఆవిడ మొదలుపెట్టి, సగంలో మళ్ళీ నవ్వులో పడి తేరుకోకుండా ఉండగా నా ఫోన్ మోగింది. మా ఆయన. "ఎక్కడున్నావు? అమ్మకి మాత్రల టైమైంది, టీ లేదు, ఇంకా బయల్దేరలేదా?"

"మాత్రలు టీవీ కింద సొరుగులో ఉన్నాయి, ఇచ్చేయండి" అన్నాను. "ఇక్కడొకావిడ నవ్వుతోంది. అది అయ్యాకే వస్తాను."