సెలూన్ ముందు ఇనుప గుమ్మం

నేను ఒక గుమ్మాన్ని. తలుపు లేదు, గడప లేదు, పసుపు కుంకుమల యోగం అసలే లేదు. జేబులో ఇనుమున్న వాడెవడైనా నా కింద నుంచి నడిస్తే కుయ్‌మని అరుస్తాను. అదే నా ఉద్యోగం. ఫ్యాక్టరీ నుంచి మొదట ఓ మంత్రిగారి సభకి వెళ్ళాను. ఆయన వచ్చేటప్పుడు మాత్రం నన్ను ఆపేశారు. తర్వాత ఓ సినిమా హాలు. అక్కడ తాళంచెవుల్ని భయపెట్టాను.

చివరికి హైదరాబాదులో, టోలీచౌకీ సందులో, ఇద్రిస్ సెలూన్ ముందు నిలబెట్టారు.

ఇద్రిస్ తన దేశంలో రేడియో వార్తలు చదివేవాడు. ఆ దేశం పేరు చెప్పను, చెబితే నా కోసమూ మనుషులొస్తారు. చదవకూడనివి చదివి, పారిపోయి వచ్చి, ఇక్కడ కత్తెర పట్టాడు. నోరు మాత్రం కట్టుకోలేదు. గడ్డం గీస్తూ అక్కడి జైళ్ళ సంగతులు చెప్పేవాడు. వినడానికి అతని దేశస్థులు జుట్టు పెరగకపోయినా వచ్చేవారు.

షాపు మూసెయ్యమని బెదిరించడానికి అక్కడి సర్కారు ఇద్దర్ని పంపింది. పరాయి ప్రభుత్వం తరఫున ఇక్కడెవరినైనా బెదిరిస్తే జైలేనని అప్పుడే కొత్త చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ఇద్దరూ జైలుకెళ్ళారు. కాపలాకి నేనూ, హెడ్ కానిస్టేబుల్ యాదగిరీ వచ్చాం.

వచ్చిన ప్రతివాడూ నా అరుపు వినాలి, యాదగిరి ఫోనుకి మొహం చూపించాలి. ఫొటో స్టేషన్‌కి వెళ్తుంది. అక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందోనని వాళ్ళ భయం. అమ్మానాన్నలు ఇంకా ఆ దేశంలోనే ఉన్నారు మరి. ఒకరి తర్వాత ఒకరు రావడం మానేశారు.

ఓ రోజు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

"ఎట్లుంది యాదగిరీ?"

"ఒక్క బెదిరింపు లేదు సార్."

"శభాష్!"

ఇద్రిస్ ఖాళీ కుర్చీ దులిపాడు. "షాపు మూయించడం వాళ్ళ వల్ల కాలేదు సాబ్. మీరు మూయించారు."

"ప్రాణం ముఖ్యమా, కబుర్లు ముఖ్యమా?"

"ప్రాణమే ముఖ్యమైతే అక్కడే ఎండావానల వార్తలు చదువుకుంటూ కూర్చునేవాణ్ణి సాబ్."

జీపు సందు దాటగానే యాదగిరి నా వైరు పీకేశాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"మీవోళ్ళని రమ్మను భాయ్. గానీ ఏమన్నయితే నా నౌకరి పోతది."

"నాది ప్రాణం పోతది. లెక్క సరిపోయింది."

మర్నాడు ఓ కొత్త మనిషి వచ్చాడు. కుడిచెయ్యి జేబులోనే ఉంది. ఆ జేబులో ఏముందో చెప్పడానికే పుట్టిన నేను నోరు మూసుకుని నిలబడ్డాను. యాదగిరి లేచి లాఠీ అందుకున్నాడు.

ఇద్రిస్ ఎవరని అడగలేదు. కుర్చీ చూపించాడు. అతని మెడ చుట్టూ తెల్లబట్ట కట్టాడు. ఆ బట్ట కింద చెయ్యి కూడా కనబడకుండా పోయింది.

ఇద్రిస్ గొంతు సవరించుకుని వార్తలు మొదలుపెట్టాడు.